జానెడు కొసరు

వరంగల్ కొత్తవాడలో వడ్నాల మార్కండేయులు నేసిన షత్రంజీ మీద, ఆ మందపాటి నూలు జంపఖానా మీద, పడుకుంటే ఎంత పొడుగు మనిషికైనా మడమలు నేలకు తగలవని పేరుండేది. ఆ పేరు ఆయనకు తండ్రి నుంచి వచ్చింది. తండ్రి నేర్పిన పద్ధతి ఒక్కటే. పెండ్లి పిల్లకు నేసినా, దూరం పొయ్యేవాడికి నేసినా, అడిగిన కొలత మీద ఒక జానెడు కొసరు వెయ్యాలి. కూరగాయల దగ్గర కొసరు కొనేవాడు అడిగి తీసుకుంటాడు. మగ్గం దగ్గర నేసేవాడు అడక్కుండానే ఇస్తాడు. ఇవ్వకపోతే వాడిది పిసినారి చెయ్యి అని వాడంతా చెప్పుకుంటుంది. మార్కండేయులు ఏ మాటనైనా ఓర్చుకునేవాడు గానీ, పిసినారి చెయ్యి అనిపించుకోవడం మాత్రం ఆయన వల్ల అయ్యేది కాదు. మంచి గుణమే, కాదని ఎవరంటారు. ఆ మంచి గుణమే ఆయన్ని తొమ్మిదేళ్లు తలెత్తుకోనివ్వలేదు.

అది డెబ్భై నాలుగో సంవత్సరం. నూలు దొరకడం గగనమైపోయిన రోజులు. దొరికిన నూలుతో నేసినా కొనేవాడు లేడు. కొత్తవాడలో వారానికో ఇంటికి తాళం పడేది. ఆ ఇంటివాళ్లు మూటాముల్లె సర్దుకుని భీవండికో షోలాపూర్‌కో రైలెక్కేవాళ్లు. ఎల్లస్వామి అని మార్కండేయులు పక్కింటాయన కూడా అప్పటికే ఒక ట్రంకుపెట్టె కొని ఇంట్లో పెట్టుకున్నాడు. అలాంటప్పుడు చేనేత శాఖ ఆఫీసరు రాజేశ్వర్ రావు స్కూటర్ మీద నేతగాళ్ల సంఘం ఆఫీసుకు వచ్చి, నాలుగు వందల షత్రంజీలకు ఆర్డరు వచ్చిందని చెప్పాడు. ఎవరికని అడిగితే, యుద్ధనౌకకు అన్నాడు.

సంఘం అధ్యక్షుడు వెంకటరాజం నవ్వి, "సముద్రం ఏడుందో మనలో ఎవ్వలు సూడలే సారూ, మనకు ఓడ పనేంది?" అన్నాడు.

రాజేశ్వర్ రావు ఇలాంటి ప్రశ్న కోసమే కాచుకున్నట్టు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "బొంబాయిల మనోళ్లే సొంతంగ కడ్తాన్రయ్యా. ఇదివరకు ఓడ కావాలంటే పై దేశపోళ్ల దగ్గరికి పొయ్యి చెయ్యి సాపుడు. వాళ్లు ఇచ్చినప్పుడు తీసుకునుడు, ఇయ్యనంటే ఊకునుడు. యుద్ధం వచ్చినప్పుడు వాడు ఇయ్యనంటే మన గతేంది? అందుకే మనమే కట్టుకుంటానం. ఒక్క ఓడ లేస్తాందంటే ఒక ఊళ్లె ఇనుము, ఇంకో ఊళ్లె తీగలు, ఇంకో ఊళ్లె తాళ్లు, రంగులు, ఎన్ని చేతులకు పని దొరుకుతదో లెక్కలేదు. దాంట్ల పండేటోళ్లకు కింద పరుసుకునేటిది మీరు నేస్తరు. ఓడ అంటే సముద్రం పక్కనోళ్లకే బువ్వ పెడ్తదనుకోకున్రి."

సంఘంలో నలభై మగ్గాలు. నలభై మగ్గాలకూ నాలుగు నెలల పని. ఆ సాయంత్రం ఎల్లస్వామి ట్రంకుపెట్టెను అటక మీదికి ఎక్కించాడు. ఆయన భార్య ఆ పెట్టెలోనే పప్పులు పోసిపెట్టింది.

మార్కండేయులు సంఘంలో పెద్ద నేతగాడు. ఏ కొత్త పని వచ్చినా మచ్చు ముక్క ఆయన నెయ్యాలి, తక్కినవాళ్లు దాన్ని చూసి నెయ్యాలి. ఓడ పని అనేసరికి ఆయన మనసు నిలవలేదు. మూడేళ్ల కింద యుద్ధమప్పుడు మన ఓడ ఒకటి మనుషులతో సహా మునిగిపోయిందని రేడియోలో విన్నాడు. విని, ఆ పూట అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూనే ఉండిపోయాడు. ఇప్పుడు ఆ ఓడలోవాళ్లలాంటి వాళ్లకే తన చేత్తో నెయ్యబోతున్నాడు. ఒక ఆదివారం ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ధర్మసాగర్ పోయాడు. చెరువు కట్ట మీద నిలబడి ఆ నీళ్ల మీద ఓడను ఊహించుకోబోయాడు. అవతలి ఒడ్డు కనిపిస్తూ అడ్డం పడింది. అవతలి ఒడ్డు లేని నీళ్ల మీద నెలల తరబడి ఉండేవాడికంటే దూరం పొయ్యేవాడు ఇంకెవడుంటాడు అనుకుంటూ తిరిగి వచ్చాడు.

ఆర్డరు కాగితంలో కొలత ఆరడుగుల రెండంగుళాలు అని ఉంది. ఆ కొలతకు నలభై వెదురు కర్రలు కోసి, మగ్గానికి ఒకటి చొప్పున ఇవ్వాలి. నేసేవాడు ఆ కర్ర ఆనించి చూసుకుని షత్రంజీ దించుతాడు. కర్రలు కోసే పని కట్టయ్యది. కట్టయ్యకు చిన్నప్పటి జబ్బుతో ఎడమ కాలు చచ్చుబడిపోయింది. గుంట మగ్గంలో దిగితే రెండు కాళ్లూ తొక్కుడు కర్రల మీద ఆడాలి, ఒంటి కాలితో నేత సాగదు. నేతగాళ్ల ఇంట పుట్టి నెయ్యలేనివాడి బతుకు ఎట్లాంటిదో చెప్పనక్కరలేదు. అలాంటివాడిని సంఘంలో పనికి పెట్టించింది మార్కండేయులే. సంఘం వాకిలి ఊడవడం, నూలు తూచి ఇవ్వడం, కర్రలు కొయ్యడం, షత్రంజీలు మడతపెట్టి కట్టలు కట్టడం, అన్నీ కట్టయ్యే. మార్కండేయుల్ని సొంత అన్న కంటే ఎక్కువ చూసుకునేవాడు.

కర్రలు కోసే రోజు మార్కండేయులు పక్కన కూర్చుని, "ఒక జానెడు ఎక్కువ పెట్టు" అన్నాడు.

కట్టయ్య రంపం ఆపాడు. "కాయితంల గట్ల లేదన్నా."

"కాయితం రాసినోడు ఆఫీసుల కూసోని రాసిండు. పండేటోడు సముద్రం మీద పంటడు. జర కాళ్లు సాపుకోనీ."

"సారును ఒక్కమాట అడుగుదామా?"

"సారుకేం ఎర్క మగ్గం సంగతి? ఎక్కువైతే వద్దంటరా ఎవలన్న? నా మాట మీద కొయ్యి."

అంతే. నా మాట మీద అన్నాడు. ఆ మూడు ముక్కలు తర్వాత ఎన్ని వందలసార్లు ఆయన చెవిలో మోగాయో ఆయనకే తెలుసు. కట్టయ్య నలభై కర్రలూ జానెడు పొడుగ్గా కోశాడు.

నాలుగు నెలలు కొత్తవాడలో పంజాల చప్పుడు ఆగలేదు. పేక పోగును దెబ్బమీద దెబ్బగా దిగ్గొట్టే ఆ ఇనుప గోళ్ల చప్పుడు వినబడుతోందంటే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతున్నట్టే లెక్క. నీలి బూడిద రంగు నూలు దండాల మీద ఆరుతుంటే వాడ వాడంతా ఒకే రంగులో ఉండేది. చివరికి వచ్చేసరికి సంఘం నూలు తక్కువ పడింది. జానెడు చొప్పున నాలుగు వందల జానలు ఎక్కడి నుంచి వస్తాయి మరి. మార్కండేయులు తన ఇంటి అటక మీద దాచుకున్న నూలు తెచ్చి ఇచ్చాడు. సంఘమంతా ఆయన్ని పొగిడింది. ఆయన భార్య పోశవ్వ మాత్రం, "గింత ధర్మం ఎందుకు ఉరుకుతాందో నీకు" అని సణిగింది. పంపేముందు వెంకటరాజం షత్రంజీలు కొలిపించాడు కూడా. కొలిచింది ఆ కర్రలతోనే కాబట్టి ఒక్కటీ తేడా రాలేదు.

రెండు నెలలకు కట్టలన్నీ లారీలో తిరిగి వచ్చాయి. వాటి వెంట తెల్లబట్టల్లో ఒక కుర్ర నేవీ ఆఫీసరు, రాజేశ్వర్ రావు వచ్చారు. నేతగాళ్లందరినీ సంఘం ముందు కూర్చోబెట్టారు. ఆ ఆఫీసరు హిందీలో మాట్లాడాడు. కొత్తవాడ వాళ్లకు ఉర్దూ అలవాటే కాబట్టి అర్థమైంది. కోపంగా మాట్లాడి ఉంటే బాగుండేదని మార్కండేయులు తర్వాత అనుకున్నాడు. అతను చాలా మర్యాదగా మాట్లాడాడు. ఇంత గట్టి నేత తాను ఎక్కడా చూడలేదన్నాడు. నేతలో ఏ లోపమూ లేదన్నాడు. తర్వాత తన వెంట తెచ్చిన, గడియ బిగించి ఉన్న ఇనుప మంచం చట్రాన్ని గోడకు ఆనించి నిలబెట్టాడు. ఓడలో మంచాలు ఒకదాని మీద ఒకటి మూడు వరుసలు ఉంటాయట. పగలు వాటిని గోడకు మడిచి గడియ పెడతారట. షత్రంజీ మంచంతో పాటే మడతపడాలి. అతను ఒక షత్రంజీ పరిచి, చట్రం మడిచి చూపించాడు. జానెడు కొసరు అంచు దగ్గర ఉబ్బి గడియకు అడ్డం పడింది. అతను రెండోసారి గట్టిగా నొక్కాడు. గడియ పడినట్టే పడి, ఊడి వచ్చింది. చట్రం దబ్బున నేల మీద పడింది. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లు ఉలిక్కిపడి వెనక్కి జరిగారు.

సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు ఇది కింద ఉన్నవాడి తల మీద పడుతుంది, శత్రువు అక్కర్లేదు అని అతను నెమ్మదిగా చెప్పాడు.

కొసరు ముక్క కత్తిరిస్తే సరిపోదా అని ఎల్లస్వామి అడిగాడు. అడిగినవాడికీ జవాబు తెలుసు. కత్తిరిస్తే పోగులు విడిపోతాయి, మళ్లీ పడుగు కొసలు ముడెయ్యాలి, నాలుగు వందలకు రెండు నెలలు. ఓడ నీళ్లలోకి దిగే తేదీ అంతవరకూ ఆగదు. ఆ పని అప్పటికే ఇంకో ఊరి నేతగాళ్లకు పోయిందని రాజేశ్వర్ రావు చెప్పాడు. తర్వాతి ఓడ పని కూడా వాళ్లకే పోతుందని చెప్పకుండానే అందరికీ తెలిసిపోయింది.

"కర్రలు ఎవలు కోసిన్రు?" అని అడిగాడు రాజేశ్వర్ రావు.

"నేనే సార్" అని కట్టయ్య లేచి నిలబడ్డాడు.

"కాయితంల ఒకటుంటే నువ్వొకటి ఎందుకు కోసినవ్?"

కట్టయ్య తల తిప్పి మార్కండేయుల్ని చూశాడు. ఆ చూపులో నిష్ఠూరం లేదు, బెదిరింపు లేదు. అన్న ఇప్పుడు లేచి చెబుతాడు అన్న నమ్మకం మాత్రం ఉంది. మార్కండేయులు లేవబోయాడు కూడా. ఈ మాట ఆయన తర్వాత ఎన్నోసార్లు తనకు తాను చెప్పుకున్నాడు. కానీ అటు పక్క నలభై ఇళ్లవాళ్లు కూర్చుని ఉన్నారు. నోటికాడి కూడు పోయినవాళ్ల మొహాలవి. ఆ మొహాలు తన వైపు తిరుగుతాయని తలచుకునేసరికి మళ్లీ చతికిలబడ్డాడు. ఒక్క క్షణం ఆగి చెబుదాం అనుకున్నాడు. ఆ ఒక్క క్షణంలో వెంకటరాజం, "ఒక్క కాలు లేదనుకుంటిమి, బుర్రగుడ లేదారా నీకు" అని కట్టయ్య మీదికి లేచాడు. అందరూ లేచారు. మార్కండేయులు నేల చూపులు చూస్తూ కూర్చుండిపోయాడు.

కట్టయ్య సంఘం తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి, కర్ర ఊతంగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఎల్లస్వామి ట్రంకుపెట్టె అటక దిగింది. భీవండి పొయ్యే రైలెక్కేముందు ఎల్లస్వామి కట్టయ్య ఇంటి ముందు ఆగి, వాడంతా వినేట్టు తిట్టిపోశాడు. ఆ ఏడాది అట్లా పద్నాలుగు ఇళ్లవాళ్లు పోయారు. ఉన్నవాళ్లు కట్టయ్యకు ఓడ ముంచినోడని పేరు పెట్టారు. మొదట కోపంతో అన్నారు, తర్వాత అలవాటైపోయి అన్నారు. చివరికి ఆ పేరెందుకు వచ్చిందో తెలియని పిల్లలు కూడా అదే పేరుతో పిలిచారు. కట్టయ్య భార్య రాజేశ్వరి బీడీలు చేసేది. ఆమె పక్కన చేట ఒళ్లో పెట్టుకుని కట్టయ్య కూడా కూర్చున్నాడు. బీడీలు చేసే మగవాణ్ణి చూసి నవ్వని వాడకట్టు లేదు.

మార్కండేయులు ఆ వారమే చెబుదామనుకున్నాడు. తర్వాత వేడి చల్లారాక చెబుదామనుకున్నాడు. వేడి చల్లారాక, చల్లారిన దాన్ని మళ్లీ ఎందుకు కెలకడం అనుకున్నాడు. మనిషికి సాకులు కరువా. నెలలు గడిచేకొద్దీ చెప్పవలసిన మాట ఒకటి కాస్తా రెండయింది. కొలత మార్చింది నేనే అన్నది ఒకటి, ఇన్నాళ్లూ చెప్పకుండా దాక్కున్నది నేనే అన్నది రెండోది. మొదటిదే నోట రానివాడికి రెండోది ఎట్లా వస్తుంది.

మర్చిపోదామంటే ఊరు మర్చిపోనివ్వలేదు. తిరిగివచ్చిన నాలుగు వందల షత్రంజీలనూ సంఘం చవగ్గా అమ్మేసింది. గట్టి నేత, పైగా జానెడు పొడుగు. వరంగల్‌లో వాటిని కొననివాడు పాపాత్ముడు. కాశిబుగ్గలో పెండ్లికి పోతే వియ్యాలవారిని కూర్చోబెట్టింది వాటి మీదే. బడికి పోతే పిల్లలు వరసగా వాటి మీదే కూర్చుని ఎక్కాలు చదివేవాళ్లు. పోశవ్వను దవాఖానలో చూపించడానికి పోతే వరండాలో ఎవరో ముసలాయన నీలి బూడిద రంగు షత్రంజీ మీద కాళ్లు బార్లా చాపుకుని నిద్రపోతున్నాడు. ఆయన మడమల తర్వాత ఇంకా జానెడు మిగిలి ఉంది. మార్కండేయులు మొహం తిప్పుకున్నాడు. ఎక్కడికి పోయినా తన సిగ్గు తన ముందే పరచి ఉండేది, దాని మీదే కూర్చోమని జనం మర్యాద చేసేవారు.

అన్నిటికంటే కష్టం దసరా. జమ్మి చెట్టు దగ్గరి నుంచి తెచ్చిన ఆకును బంగారమని చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు. కర్రలు కోసిన ఏడాది దసరాకు కట్టయ్య రాడని మార్కండేయులు అనుకున్నాడు. రాకపోతే బాగుండు అని కూడా అనుకున్నాడు. కట్టయ్య వచ్చాడు. చేతిలో జమ్మి పెట్టి, చచ్చుకాలిని పక్కకు చాపి, కష్టం మీద వంగి కాళ్లకు మొక్కాడు. మార్కండేయులు నోరు పెగల్చుకుని సల్లగుండు అన్నాడు. ఆ మాట అనడానికి తనకేం మొహం ఉందని ఆ రోజంతా తన్ను తాను తిట్టుకున్నాడు. అట్లా తొమ్మిది దసరాలు. ఒక్క ఏడాదీ కట్టయ్య తప్పలేదు.

ఎనభై మూడులో, ఎండాకాలం మొదట్లో, మళ్లీ ఓడ పని వచ్చింది. దేశంలో ఇంకో ఓడ లేస్తోంది. ఈసారి ఆరు వందల షత్రంజీలు. పాత నేత గట్టిదనాన్ని ఎవరో గుర్తుపెట్టుకుని కొత్తవాడ పేరు రాశారట. సంఘంలో కదలిక వచ్చింది. భీవండికి జాబులు పోయాయి. ఎల్లస్వామి, ఇంకో ఆరు ఇళ్లవాళ్లు తిరిగి వచ్చి మూటలు దించుకున్నారు.

ఆ మర్నాడు పొద్దున రాజేశ్వరి మార్కండేయులు ఇంటికి వచ్చింది. వాకిట్లోనే నిలబడింది. కొంగు రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"బావా, నిన్నొకటి అడుగుదామని వచ్చిన."

"అడుగు బిడ్డా."

"సంగంల మళ్ల పని వచ్చిందంటాన్రు. మా ఆయనకు కర్రలు కోసే పని ఇయ్యుమంటలేను. గంత ఆశ లేదు నాకు. వాకిలి ఊడ్సే పనైనా ఇప్పియ్యి. ఎన్కట తప్పు చేసిండు, నిజమే. ఎందుకు చేసినవయ్యా అని అడిగి అడిగి నా నోరు నొచ్చింది, గని ఒక్కనాడు నోరిప్పలే. మళ్ల చెయ్యడు బావా. నేను పూచీ ఉంట. నువ్వొక్క మాటంటే వాళ్లు కాదనరు. పెద్దమనిషివి."

మార్కండేయులు అరుగు మీద కూర్చున్నాడు. కట్టయ్య ఊళ్లోవాళ్లకు చెప్పలేదని తెలుసు. కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పలేదని తెలియదు. ఈ తొమ్మిదేళ్లూ ఆ ఇంట్లో ఒక మనిషి అడుగుతూనే ఉంది, ఒక మనిషి చెప్పకుండా మాట పడుతూనే ఉన్నాడు. ఇంతా చేసి ఆమె తన భర్త తప్పుకు పూచీ ఉంటానని ఆ తప్పు చేసినవాడి గుమ్మంలోనే నిలబడి ఉంది. తల కొట్టేసినట్టయింది ఆయనకు. అప్పుడే చెప్పేద్దామని నోరు తెరిచాడు. పెద్దమనిషివి అన్న మాట అడ్డం పడింది.

"రేపు సంగం మీటింగు ఉన్నది," అన్నాడు చివరికి. "నువ్వు రా. ఆయన్ను గుడ తోల్కరా."

ఆ రోజు ఆయన మగ్గం దిగలేదు. అన్నం పెడితే సగంలో లేచాడు. పోశవ్వ ఏమైందని అడిగితే ఆమెకే ముందు చెప్పాడు. పోశవ్వ అంతా విని, గిన్నెలు సర్దుతూ సర్దుతూ ఆగి, "అటక మీది నూలు ఇచ్చిననాడే అడగాల్సింది నేను" అని మాత్రం అన్నది. తర్వాత ఆయన మొహం చూడకుండా పడుకుంది.

మీటింగులో వెంకటరాజం కొత్త కాగితం చదివాడు. ఈసారి అరంగుళం తేడా కూడా ఒప్పుకోరట. చదివి, అద్దాలు తీసి, నవ్వుతూ, "ఏం ఫికర్ లేదు. ఓడ ముంచినోన్ని ఈ గడప తొక్కనియ్యకుంటే చాలు" అన్నాడు. అందరూ నవ్వారు. కట్టయ్య గడప అవతలే, వరండా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. అతని పక్కన రాజేశ్వరి. వాళ్లిద్దరూ నవ్వలేదు, కోపపడనూ లేదు. ఆ మాట వాళ్లకు కొత్త కాదు.

మార్కండేయులు లేచాడు. ఈసారి ఒక్క క్షణం కూడా ఆగలేదు, ఆగితే మళ్లీ కూర్చుండిపోతాడని ఆయనకు తెలుసు.

"కర్రలు పొడుగు కొయ్యుమన్నది నేను," అన్నాడు. "కాయితంల లేదన్నా అని కట్టయ్య చెప్పిండు. సారును అడుగుదామన్నడు. వద్దు, నా మాట మీద కొయ్యి అన్న. మా నాయిన నేర్పిన కొసరు, ఓడల పండేటోళ్లు కాళ్లు సాపుకోవాలె అని చేసిన. ఆ ఆఫీసరు అడిగిననాడు కట్టయ్య నా దిక్కు సూసిండు. నేను తల దించుకున్న. మంచం గడియ ఊడి పడ్డదాని కంటే అది పెద్ద తప్పు. పద్నాలుగు ఇండ్లోళ్లు ఊరిడిసి పోయింది నా వల్ల. కట్టయ్య వల్ల కాదు."

చెప్పడం అయిపోయింది. ఇక వాళ్లు మీద పడతారని, తిడతారని, ఎల్లస్వామి కొట్టినా కొడతాడని ఆయన ఎదురుచూశాడు. కొడితే బాగుండు అని కూడా అనుకున్నాడు. వెంకటరాజం గొంతు సవరించుకుని, "పోనీ తియ్యన్నా. ఎప్పటి ముచ్చటో. నువ్వు మంచికే చేస్తివి, గట్లయింది" అన్నాడు.

"అవును మరి," అన్నాడు ఎల్లస్వామి. "జవాన్ల కోసమని చేసిండు, సొంతానికి చేసిండా? చెప్పుడు గుడ ఎంతమందికి చేతనైతది. పెద్దరికం అంటే గిది."

ఇంకో ముసలాయన ఔనౌనన్నాడు. ఎవరో చాయ్ తెమ్మన్నారు. నిమిషం కూడా పట్టలేదు. తొమ్మిదేళ్లు ఆయన్ని తిన్న తప్పును నిమిషంలో కడిగేసి, పైగా పెద్దరికం అని పేరు కూడా పెట్టేశారు. మార్కండేయులు అట్లాగే నిలబడిపోయాడు. ఆయన చూపు గడప మీదికి పోయింది.

కట్టయ్య కర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు. లోపలికి రాలేదు. ఆయన్నే చూస్తూ, గొంతు ఏమాత్రం పెంచకుండా అడిగాడు.

"గింత అల్కగ, ఒక్క నిమిషంల అయిపోయేదానికా అన్నా, ఆనాడు చెప్పనిది?"

రాజేశ్వరి భర్తను ఒకసారి, మార్కండేయుల్ని ఒకసారి చూసింది. కొంగు దులుపుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆమె వెనకే కట్టయ్య.

కర్రలు కోసే పని కట్టయ్యకే ఇవ్వాలని మార్కండేయులు పట్టుబట్టాడు, ఎవరూ కాదనలేదు. కట్టయ్య వచ్చాడు. కాగితాన్ని మూడుసార్లు చదివించుకుని, ఆరడుగుల రెండంగుళాలకు ఒక్క పీచు తేడా లేకుండా కర్రలు కోసి ఇచ్చాడు. పెద్ద నేతగాడి పని మార్కండేయులు వదిలేసి, అందరిలాగే ఒక కర్ర తీసుకుని తన మగ్గంలోకి దిగాడు. మొదటి షత్రంజీ దించేటప్పుడు కర్ర ఆనించి చూస్తే చేతులు వాటంతటవే ఇంకో నాలుగు పోగులు వెయ్యబోయాయి. పంజా పక్కన పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చున్నాడు. సరిగ్గా నెయ్యడం కొసరు వెయ్యడం కంటే కష్టమని ఆ వయసులో ఆయనకు తెలిసింది. ఆరు వందల షత్రంజీలు ఓడకు పోయాయి. ఒక్కటీ తిరిగి రాలేదు. ఎల్లస్వామి ట్రంకుపెట్టెలో మళ్లీ పప్పులు పోశారు.

కట్టయ్య పనిలో ఉన్నన్నాళ్లు మార్కండేయులుతో పని మాటలు మాట్లాడాడు. నూలు ఎంత కావాలి, కట్టలు ఎప్పుడు కట్టాలి. అన్నా అనే పిలిచేవాడు. అంతకు మించి ఒక్క మాట లేదు.

దసరా వచ్చింది. పొద్దుగూకేదాకా మార్కండేయులు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వాడలో చిన్నవాళ్లందరూ వచ్చి చేతిలో జమ్మి పెట్టి పోయారు. ఎల్లస్వామి కొడుకులు వచ్చారు, వెంకటరాజం అల్లుడు వచ్చాడు. కట్టయ్య రాలేదు. తొమ్మిదేళ్లు రాకుంటే బాగుండనుకున్న మనిషి రాకపోతే ఎట్లా ఉంటుందో ఆ సాయంత్రం ఆయనకు తెలిసింది.

పెద్దవాడు చిన్నవాడి ఇంటికి బంగారం తీసుకుపోవడం కొత్తవాడలో ఎవరూ ఎరగరు. మార్కండేయులు తన చేతిలో మిగిలిన జమ్మి ఆకు పట్టుకుని లేచాడు. రెండు సందులు దాటి కట్టయ్య ఇంటి ముందు నిలబడ్డాడు. కట్టయ్య ఇంట్లో లేడు, జమ్మి చెట్టు దగ్గరికి పోయాడట. రాజేశ్వరి బీడీ చేట పక్కన పెట్టి లేచింది. కొంచెంసేపు ఆయన్ని, ఆయన చేతిలో ఆకును చూసింది. ఇంటికి వచ్చిన మనిషిని నిలబెట్టే అలవాటు ఆమెకు లేదు. లోపలికి పోయి, మూల చుట్టి ఉన్న షత్రంజీ తెచ్చి అరుగు మీద పరిచింది.

నీలి బూడిద రంగుది. వెలిసిపోయింది గానీ పోగు చెక్కుచెదరలేదు. ఆరడుగుల రెండంగుళాల మీద జానెడు ఎక్కువ.

"కూసో," అన్నది రాజేశ్వరి. బావా అనలేదు. "ఆయన వచ్చేటాల్లకు ఆలిశమైతది. కాళ్లు సాపుకోని కూసో, నువ్వు పెంచిందే గద, సరిపోతది."

మార్కండేయులు కూర్చున్నాడు. జమ్మి ఆకు గుప్పిట్లో పెట్టుకుని, కాళ్లు ముడుచుకుని, కట్టయ్య వచ్చేదాకా అట్లాగే కూర్చున్నాడు.